సూది పిలక

ఆ రోజు ఇంట్లో నానమ్మ, అమ్మ, బాబాయి, నేను ఉన్నాం. గెల కోసేసిన అరటి చెట్టును నరకడానికి బాబాయిని నానమ్మే పిలిపించింది. ఇంటికి ఎవరొచ్చినా నేను పెరటి తలుపు చాటున నిలబడతాను. ఆ రోజూ అక్కడే ఉన్నాను.

చెట్టు మొదట్లో రెండు పిలకలు మిగిలాయి. ఒక్కటే ఉంచాలి, లేకపోతే రెండూ బలం పంచుకుని దేనికీ మంచి గెల రాదు. బాబాయి వెడల్పాకుల పిలకను వదిలేసి, సన్నాకుల దాని మీద కత్తి ఎత్తాడు.

"ఇది చూడు వదినా, పుల్లలా ఉంది. అచ్చం మీ అమ్మాయే," అన్నాడు.

ఆ పిలకకు రోజూ నీళ్లు పోసింది నేనే. "దాన్ని కొట్టకు బాబాయ్!" అన్నాను గట్టిగా. "అది సూది పిలక. దుంప దానికే లావు. రెండోది పైన పటారం, లోన లొటారం. పోయినసారి ఇలాంటిదాన్నే ఆకులు చూసి మురిసిపోయి ఉంచితే గుప్పెడు కాయలు వేసి ఊరుకుంది."

"అమ్మో, దీనికి మాటలొచ్చే! ఏదీ, చూపించు."

చాటు నుంచి వచ్చి రెండింటి మొదట్లో మట్టి తీశాను. సన్నాకుల కింద దుంప కొబ్బరికాయంత ఉంది. వెడల్పాకుల కింద ఉల్లిపాయంతే.

బాబాయి నవ్వి, కత్తి నా చేతికిచ్చాడు. "ఇక తోట నీది. నువ్వే కొట్టు."

"అది మళ్లీ తలుపు చాటుకు వచ్చేస్తుందిరా," అంది లోపలి నుంచి నానమ్మ.

"రానిస్తేగా!" అంటూ బాబాయి లోపలికి వెళ్లి, పెరటి తలుపు వేసి గడియ పెట్టాడు.