రెగ్యులర్ సీటు

“పాపకాండీ?” అన్నారు జగదీశ్వరరావు గారు, రెండు పుస్తకాలు నా ముందు పెడుతూ.

ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఆయనకి పుస్తకాల షాపుంది. నాకున్న ఒక్క కూతురు, చిట్టితల్లి, ఇంకా ఎనిమిదో తరగతిలోనే ఉంది. “కాదండీ, మా ఆడపడుచు కూతురికి. ఎమ్మెస్సీ మేథ్స్ ఎంట్రన్స్, పీజీసెట్,” అన్నాను. అబద్ధం అంత సులువుగా ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఒకటి లావుపాటి గైడు, రెండోది పాత ప్రశ్నపత్రాల పుస్తకం. రెండూ ఇంగ్లీషులోనే ఉన్నాయి. ఏది మంచిదని అడిగితే, “ఆ పాప బేసిక్స్ ఎలాగున్నాయండీ? బాగుంటే పాత పేపర్లు సాలు. నేకపోతే గైడు తీసుకెళ్ళండి,” అన్నారు. ఆ పాప బేసిక్స్ గురించి నేనేం చెప్పను? పదిహేనేళ్ళ క్రితం డిగ్రీలో కాలేజీ ఫస్టు. ఆ తర్వాత ఆమెకి ఏం వచ్చో ఎవరూ అడగలేదు. గైడు కొని, సంచిలో వంకాయల కింద పెట్టుకుని ఇంటికొచ్చాను.

నేను ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. తొమ్మిదేళ్ళు పదో తరగతి నాదే. ఈ జూన్‌లో కరస్పాండెంట్ గారు పిలిచి, “సత్యలక్ష్మి గారూ, పేరెంట్స్ క్వాలిఫికేషన్ అడుగుతున్నారండీ. మంగ మేడంకి ఎమ్మెస్సీ ఉంది. టెన్త్ ఆవిడ చూస్తారు. మీరు సిక్స్త్, సెవెన్త్ తీసుకోండి, ఇంట్లో పనులకి కూడా వెసులుబాటుగా ఉంటుంది,” అన్నారు. నా ఇంట్లో పనుల మీద ఆయనకి అంత దయ ఎప్పుడు కలిగిందో మరి. బయటికి వస్తుంటే, “మేడం, గెస్టులొస్తున్నారు, టీ సంగతి కొంచెం చూడండి,” అని కూడా అన్నారు. చూశాను. తొమ్మిదేళ్ళుగా టీ సంగతి కూడా నాదే కదా. మంగ ట్రేలోంచి కప్పు తీసుకుంటూ లేచి నిలబడింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. ఆమె నిలబడినందుకు కూడా నాకు కోపం వచ్చింది.

ఇంటికొచ్చి గైడు తెరిచేముందు నా పాత డిగ్రీ పుస్తకాలు ఉంటే బాగుండనిపించింది. అటక మీద రేకు పెట్టెలో ఉండాలి. స్టూలేసుకుని ఎక్కి చూస్తే పెట్టె ఉంది. అందులో పాత దుప్పట్లున్నాయి. “నా పుస్తకాలేవి అత్తా?” అని అడిగాను. అత్త అప్పయమ్మ చిక్కుళ్ళు ఒలుస్తూ తలెత్తకుండానే, “అవా? సెదలట్టేత్తన్నాయని కాయితాలోడికి ఇచ్చీసినాను. ఎప్పుడో మూడేళ్ళయింది. నువ్వెప్పుడన్నా తీసినావేటి?” అంది. నిజమే, తియ్యలేదు. మూడేళ్ళుగా అవి లేవని కూడా నాకు తెలియలేదు. అందుకే ఆమె మీద కోపం తెచ్చుకోలేకపోయాను. స్టూలు మీద నిలబడే ఉన్నాను కాసేపు, దిగి ఏం చెయ్యాలో తోచక.

గైడు మొదటి పేజీలోనే నన్ను ఆపేసింది. పదిహేను మూలకాలున్న చక్రీయ సమూహానికి జనకాలు ఎన్ని? ఇంగ్లీషులో ఉన్న ఆ ప్రశ్నని తెలుగులోకి మార్చుకోవడానికే పది నిమిషాలు పట్టింది. నేను చదివింది తెలుగు మీడియం. ఆ మాటలన్నీ ఎప్పుడో తెలిసిన మనుషుల్లా ఉన్నాయి, ఒక్కరి ముఖమూ గుర్తు రావడం లేదు. చివర జవాబు ఇచ్చాడు, ఎనిమిది అని. ఎందుకు ఎనిమిదో లేదు. ఎవరినన్నా అడుగుదామంటే ఎవరున్నారు? డిగ్రీ క్లాస్‌మేట్స్ వాట్సాప్ గ్రూపులో రోజూ పుట్టినరోజు కేకులు, దేవుడి బొమ్మలు వస్తుంటాయి. ధైర్యం చేసి, “పీజీసెట్ మేథ్స్‌కి ఏ పుస్తకం మంచిది?” అని పెట్టాను. ఒకామె, “మీ ఇంట్లో ఎవరికో డిగ్రీ అయిపోయినట్టుందే సత్యా, కంగ్రాట్స్,” అంది. ఆ వెనకే ఇంకో ఆరుగురు కంగ్రాట్స్ పెట్టారు. నేను థాంక్స్ అని పెట్టి ఫోను బోర్లించాను.

మా ఆయన మన్మథరావుకి మాకవరపాలెంలో ఎరువుల షాపు. చెడ్డవాడు కాదు. గైడు చూసి, “సదువుకో, ఎవులొద్దన్నారు?” అన్నాడు. మరుసటి రోజు పొద్దున కూరలో ఉప్పు ఎక్కువైతే, “సదువు మొదలెట్టేసినట్టున్నావు,” అని నవ్వాడు. అత్త నవ్వింది. చిట్టితల్లి కూడా నవ్వింది. ఆ పిల్ల నవ్వగానే కంచం పట్టుకుని లేచిపోయాను. రోజూ రాత్రి పక్కన కూర్చోబెట్టుకుని దానికి లెక్కలు చెప్పేది నేనే.

వారం రోజులు ఒక్కదాన్నే కుస్తీ పట్టాక, శుక్రవారం లంచ్ బెల్లయ్యాక మంగ ఉన్న క్లాసురూముకి వెళ్ళాను. తను ఖాళీ బెంచీ మీద ఒక్కతే కూర్చుని క్యారేజీ తింటోంది. స్టాఫ్‌రూములో మేం ఎవరమూ తనని కూర్చోమనలేదని అప్పుడు గుర్తొచ్చింది. గైడు తన ముందు పెట్టి, “ఇది నాకేనమ్మా. అర్థం కావడం లేదు,” అన్నాను. ఆ రెండు మాటలు అనడానికి వారం పట్టింది.

మంగ చెయ్యి కడుక్కుని వచ్చి పేజీలు తిప్పింది. “గైడులో ఆన్సరే ఉంటాది మేడం, ఎలాగొచ్చిందో ఉండదు. ముందు సెకండియర్ ఆల్జీబ్రా టెక్స్ట్‌బుక్కు కొనండి, తెలుగు మీడియందే. అది అయ్యాక రియల్ ఎనాలిసిస్. పాత పేపర్లు ఆఖర్న. నేనూ తెలుగు మీడియమే. నా నోట్సు తెస్తాను, ఇంగ్లీషు మాట పైన తెలుగు మాట రాసుంటాది.” అని, గైడు మూస్తూ అడిగింది. “మేడం, సర్టిఫికెట్ కోసమైతే దూరవిద్యలో కట్టీవొచ్చు కదా. ఎంట్రన్స్ అక్కర్లేదు. ఇదైతే యూనివర్సిటీకెళ్ళి ఉండాలి.”

నాకు తెలియదా ఆ సంగతి? తెలుసు. కానీ ఎందుకు ఇదే ఎంచుకున్నానో నన్ను నేను అడగలేదు. “అక్కడ ఎలా ఉండేదమ్మా?” అన్నాను.

“మొదట్లో రోజూ ఏడుపే మేడం. మాది చింతపల్లి అవతల కొండ మీద ఊరు. ఇంటినిండా మనుషులు. యూనివర్సిటీలో అయితే సాయంత్రం లైబ్రరీలో కూకుంటే మూసేదాకా ఒక్కరూ పేరెట్టి పిలిచేవోరు కాదు. రెండేళ్ళు నన్నెవులూ దేనికీ పిలవలేదు. అంత ఒంటరితనం ఎవులికీ వద్దు మేడం.”

తను బాధగానే చెప్పింది. నేను విన్నది వేరు. సాయంత్రం కూర్చుంటే మూసేదాకా ఎవరూ పిలవరు. పదిహేనేళ్ళలో నేను ఒక్క అరగంట అలా కూర్చున్నానా? నలుగురి మధ్య నా ఒంటరితనానికి పేరు కూడా లేదు. మంగ ఒంటరితనానికి ఒక బల్ల, ఒక దీపం, ముందు తెరిచిన పుస్తకం ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. మంగ కంగారుపడి మంచినీళ్ళు ఇచ్చింది.

శనివారం టెక్స్ట్‌బుక్కు కొన్నాను. ఆదివారం పొద్దున్న అన్నం వారుస్తుంటే ఆ లెక్క దానంతటదే విడిపోయింది. పదిహేనుతో ఒకటి తప్ప ఉమ్మడి కారణాంకం లేని సంఖ్యలు. ఒకటి, రెండు, నాలుగు, ఏడు, ఎనిమిది, పదకొండు, పదమూడు, పద్నాలుగు. “ఎనిమిది,” అన్నాను పైకే. “ఏటెనిమిది?” అంది అత్త. “ఏం లేదత్తా,” అన్నాను. గంజి చేతి మీద ఒలికినా తెలియలేదు. అంత సంతోషం చెప్పుకోవడానికి ఆ ఇంట్లో ఒక్క మనిషి లేదు.

మధ్యాహ్నం అందరం భోజనాలకి కూర్చున్నాం. మా ఆయన, “మా ఫ్రెండొకడు సెప్పినాడు, దూరవిద్యయితే ఎంట్రన్సే ఉండదంట. ఫీజు కట్టీసి ఇంట్లో కూకుని రాసీడమే. రేపు ఫారం తెమ్మంటావా?” అన్నాడు. ప్రేమగానే అన్నాడు.

“వద్దండీ,” అన్నాను. “రెగ్యులర్‌కే రాస్తాను. సీటొస్తే విశాఖపట్నంలో హాస్టల్లో ఉంటాను.”

ఆయన ముద్ద కలపడం ఆపి నా వైపు చూశాడు, నేను వేరే భాషలో మాట్లాడినట్టు. చిట్టితల్లి కళ్ళు నీళ్ళతో నిండాయి. ఆ కళ్ళు చూస్తే ఒక్క క్షణం మాట వెనక్కి తీసుకుందామనిపించింది. “శని, ఆదివారాలు వస్తానమ్మా,” అన్నాను దాని చెయ్యి పట్టుకుని. అది చెయ్యి లాక్కోలేదు.

“మరి ఇంట్లో ఎవులుంటారే?” అంది అత్త, నిజంగానే అర్థం కాక.

“మీరందరూ ఉంటారు కదత్తా,” అన్నాను.