మడమల మీద నీళ్ళు

సమాధుల పండక్కి రెండు రోజులుంది. గుడిలో ఇచ్చిన తెల్ల కాగితం మీద నూకరత్నం తమవాళ్ళలో పోయినవాళ్ళ పేర్లు రాసింది. ఫాదర్ గారు ఆ రోజు పూజలో అందరి పేర్లూ చదివి, వాళ్ళ ఆత్మల కోసం ప్రార్థిస్తారు. మామగారు, అత్తగారు, పురిట్లో పోయిన చెల్లెలు, మొగుడు. అయిదో పేరు దగ్గర కోడలు వినీల కళ్ళు ఆగిపోయాయి. లోవరాజు. తన నాన్న.

వినీలకు ఒళ్ళు మండింది. పెంతెకొస్తు సంఘంలో ముందు వరసలో కూర్చుని హల్లెలూయ చెప్పిన మనిషి పేరు ఆర్.సి.ఎం. కేథలిక్కుల చీటీలోనా! ఆర్.సి.ఎం. ఇంటి కోడలైందని నాలుగేళ్ళు కూతురి ముఖం చూడకుండా, నిరుడు ఆ పంతంతోనే పోయిన మనిషి. ఇది తెలిస్తే సమాధిలోంచి లేచొచ్చి మరీ దెబ్బలాడతాడు.

"మా నాన్న పేరు కొట్టేయండి అత్తయ్యా. ఆయన ప్రభువు దగ్గరున్నారు. మధ్యలో మీ జైల్లో లేరు."

"జైలని ఎవరన్నారే?"

నూకరత్నం చదివింది నాలుగో తరగతి. పోయిన ఆత్మలు పరలోకం చేరేముందు శుద్ధయ్యే ఆ ఉత్తరించే స్థలం గురించి ఫాదర్ గారు ప్రసంగం చెప్పినప్పుడల్లా ఆవిడ కునుకు తీసింది కూడానూ. నొప్పి కాళ్ళు ముందుకు చాపుకుంది.

"మొన్న ఊడ్పులప్పుడు నేను చేలోంచి వస్తే గుమ్మం ముందు ఏం చేశావు?"

"నీళ్ళు పోసి కాళ్ళు కడిగాను. మీకు మోకాళ్ళు వంగవు కదండీ."

"ఇల్లు నాది కాదా? నన్నెవరన్నా బయటికి తోసేస్తారా? అయినా ఆ బురదతో నేనే లోపలికి రాను. ఉత్తరించే స్థలమంటే అదేనే. నరకానికి పోయేవాళ్ళది కాదు. ఇల్లు చేరిపోయి, గుమ్మం దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నవాళ్ళది. మన ప్రార్థన ఆ రోజు నువ్వు నా మడమల మీద పోసిన నీళ్ళలాంటిది."

"యేసు రక్తమే కడిగేసింది కదండీ. ఇంకా మన నీళ్ళెందుకు?"

"ఆ నీళ్ళూ ఆయనవేనే. బోరింగు నువ్వు వేయించావా? చెంబు పట్టుకున్నావంతే."

వినీలకు ఇందులో సగం మింగుడు పడలేదు. వాళ్ళ పాస్టరు గారైతే బైబిలు తెరిచి పది వచనాలు చూపించేవారు. కానీ బురద అన్న మాట ఆమెను వదల్లేదు. ఆస్పత్రిలో తన పేరెత్తితే నాన్న గోడవైపు తిరిగి పడుకునేవాడని అమ్మ ఫోన్లో చెప్పింది. రమ్మంటేనే వెళ్తానని తనూ బిగదీసుకుని కూర్చుంది. ఆయన రమ్మనలేదు. తను వెళ్ళలేదు. ఇద్దరి కాళ్ళకీ అదే బురద. ఏడుపు తన్నుకొచ్చింది.

"మాట్లాడని కూతురు పోసినా అందుతాయా అత్తయ్యా?"

"నువ్వు పోస్తావనే కదే ఆ పేరు రాశాను."

వినీల పెన్ను అందుకుంది. కొట్టేస్తుందేమోనని నూకరత్నం కాగితం వైపు వంగింది. లోవరాజు అన్న పేరు పక్కన, కుదురుగా, 'గారు' అని రాసింది వినీల.

"ఉత్త పేరు చదవొద్దని ఫాదర్ గారికి చెప్పండి," అంది కళ్ళు తుడుచుకుంటూ. "మా నాన్నకి కోపమొస్తుంది."