మంచినీళ్ళ గెడ్డ

ట్యాపు ఎవరూ తిప్పలేదు. అయినా పంపు మోగింది.

వ్యానులో వెనక సీటు కింద నీళ్ళ ట్యాంకు, దాని పక్కన చిన్న పంపు ఉన్నాయి. ట్యాపు తిప్పితే పంపు గుర్రుమంటూ నీళ్ళు తోస్తుంది, కట్టేస్తే ఆగిపోతుంది. ఆ సంగతి మా అన్నయ్య ఎల్లాజీ పొద్దున్నే చెప్పాడు. ఇప్పుడు మిట్టమధ్యాహ్నం. అన్నయ్య, మా ఆయన జగ్గారావు, నేను గెడ్డ ఒడ్డున చింతచెట్టు నీడలో చాప వేసుకుని అన్నాలు తింటున్నాం. వ్యానులో ఎవరూ లేరు.

"ఏటది?" అన్నారు మా ఆయన, ముద్ద చేతిలోనే ఉంచుకుని.

"పైపులో గాలి బావా. కొత్త నీలు కదా, కుదురుకోవాల. నువ్ తిను."

మళ్ళీ మోగింది. కొంచెంసేపు మోగి ఆగింది. మళ్ళీ మోగింది. ఒక గుక్క తాగి, ఊపిరి తీసుకుని, ఇంకో గుక్క తాగినట్టు.

మా ఆయన ముద్దని విస్తట్లో పెట్టేశారు. పక్కన నేను పోసి ఉంచిన గ్లాసు నిండుగా అలాగే ఉంది. ఆయన దాన్ని ముట్టుకోలేదు. ముట్టుకోరని నాకు తెలుసు.

మా అత్తమ్మ చిట్టెమ్మ పోయి రెండు నెలలు దాటింది. అప్పటినుంచి ఆయన నీళ్ళు తాగడం దాదాపు మానేశారు. ఆవిడకి మూత్రపిండాలు పోయి డయాలసిస్ మీద ఉన్నన్నాళ్ళూ, రోజుకి చిన్న సీసాడు నీళ్ళకి మించి ఇవ్వొద్దని డాక్టరుగారి మాట. నేనిస్తే ఆవిడ బతిమాలుకుని ఇంకాస్త పోయించుకుంటుందని, ఆ సీసా ఆయనే తన దగ్గర పెట్టుకునేవారు. మల్కాపురంలో మా ఇంటి వీధి ట్యాపు దగ్గర బిందెలు మోగుతుంటే అత్తమ్మ మంచం మీద నుంచి తల తిప్పి అటే చూసేది. "నీటి సుక్క అడిగితే దొంగని సూసినట్టు సూత్తావేట్రా," అనేది కొడుకుని. ఆయన దూది తడిపి పెదాలకి అద్దేవారు. చివరి రోజు కూడా దూదే.

ఆయన పని పోర్టులో, క్రేను కింద నిలబడి సిగ్నల్ ఇవ్వడం. ఎండలో రోజంతా. మూత్రపిండాల్లో రాళ్ళున్నాయని, బాగా నీళ్ళు తాగకపోతే నీకూ మీ అమ్మ దారేనని ఆ డాక్టరుగారే ఆయనతో అన్నారు. నేను చెంబు పట్టుకుని వెంటపడితే ఒక్క గుక్క తాగి, గొంతు పట్టేసినట్టు ఆగిపోతారు. "దిగదే ధనా," అంటారు. మూత్రంలో రెండుసార్లు రక్తం పడింది. అప్పన్నబాబుకి మొక్కని మొక్కు లేదు. మనిషి నా కళ్ళ ముందే ఎండిపోతున్నాడు.

అత్తమ్మ అస్థులు సముద్రంలో కలపొద్దని ఆవిడే చెప్పి పోయింది. "సముద్రం ఉప్పన. అందులో ఏస్తే నా దాహం ఎలగ తీరతాదిరా? నా పుట్టూరి గెడ్డలో కలుపు. అయి మంచినీలు." కానీ వానలకి ఆ గెడ్డ పొంగి, దారి తెగి, రెండు నెలలూ కుండ శ్మశానం గూట్లోనే ఉండిపోయింది. దారి పడిందని తెలిసిన రోజునే అన్నయ్య తన వ్యాను తెచ్చాడు. పాత టెంపోలో మంచం, పొయ్యి, సింకు అమర్చి, మధురవాడ సాఫ్ట్‌వేరు పిల్లలకి అరకు, లంబసింగి తిరగడానికి అద్దెకిస్తుంటాడు. ఎలమంచిలి దాటి కొండలవైపు తిరిగినంతసేపూ తన వ్యాను గొప్పలే చెప్పాడు.

"ట్యాంకు నింపి తేలేదేటన్నయ్యా?"

"నీల బరువు మోస్తే డీజిలు తాగీద్దే ధనా. గెడ్డ ఉండగా ట్యాంకరెందుకు? నా వడబోత సూడు. గొట్టం మూతికి జల్లెడ, దానికి గుడ్డ. లోపలికొచ్చేక తెల్ల దారం ఫిల్టరు, దాని ఎనకాల బొగ్గు ఫిల్టరు. ఆ మీదట క్లోరిన్ బిళ్ళ. అరగంట ఆగి తాగితే, కొన్న నీలు దీని ముందర దిగదుడుపు."

"మరి అందరూ బట్టలుతికే నీలైతే?" అన్నారు మా ఆయన.

"అందుకే మనుషులకీ పసువులకీ పైన తోడతాను బావా. నిలవ నీరు ముట్టను. పారే నీరే. ఎల్లాజీకి నీల సంగతి నేర్పుతావేటి?"

శుద్ధి అంటే మా పంతులుగారికి ఒకటి, అన్నయ్యకి ఇంకొకటి. ఆయన మంత్రం చెప్పి మూడుసార్లు చల్లుతారు. ఇతను బిళ్ళ వేసి అరగంట ఆగమంటాడు. రెండూ కంటికి కనబడని దాన్ని పోగొట్టడానికే కదా అనుకున్నాను.

కల్వర్టు దగ్గర మమ్మల్ని దింపి, "మీరిక్కడ కలిపీండి. నాను వ్యాను పైకి తీసుకెల్లి నీలు పట్టి, అన్నం వండీసి ఉంచుతాను," అని అన్నయ్య బండిదారి పట్టుకుని ఎగువకి వెళ్ళిపోయాడు. కుండ ఆయన చేతుల్లో, బంతిపూలు, నువ్వులు నా చేతుల్లో ఉన్నాయి. అయితే కల్వర్టు కింద గేదెలు పడుకుని ఉన్నాయి. ఆయన కాసేపు చూసి, "ఇక్కడొద్దు," అన్నారు. చిన్నప్పుడు అత్తమ్మ స్నానం చేసిన బండ మడుగు ఒకటి ఎగువన ఉందట. అవతలి ఒడ్డున తుప్పల్లోంచి చాలా దూరం నడిచాం. గెడ్డ అద్దంలా ఉంది. మడుగు దొరికాక ఆయన మొలలోతు దిగి కుండ వంచారు. బూడిద నీళ్ళలో తెల్లగా విప్పుకుని, మెల్లగా కదిలి, దిగువకి సాగింది. దాని మీద పూలు తేలాయి. తిలలు విడిచి, దోసిట్లో నీళ్ళు తీసుకుని, తాగబోతారేమోనని నేను ఆశగా చూస్తుండగా ఆ నీళ్ళూ గెడ్డలోకే వదిలేశారు.

కల్వర్టు మీదుగా తిరిగి వ్యాను దగ్గరికి వచ్చేసరికి అన్నం ఉడికి ఉంది. తినడానికి కూర్చున్నాం. అప్పుడే పంపు మోగడం మొదలైంది.

నాలుగోసారి మోగేసరికి అన్నయ్య కూడా చెయ్యి కడిగేసుకుని లేచాడు. "జాయింటు లూజైపోయుంటాది," అంటూ వ్యాను కిందకి దూరి చూశాడు. నేల పొడిగా ఉంది. సీటు పైకెత్తి గొట్టాలన్నీ తడిమాడు. ఎక్కడా చెమ్మ లేదు. కానీ ట్యాంకు పక్కన గాజు గొట్టంలో నీటిమట్టం, పొద్దున అతను గీత దాకా నింపినది, బాగా కిందకి దిగిపోయింది.

"నువ్ గిన్నెలు కడిగేవేటి?"

"లేదన్నయ్యా. ఒక్క గ్లాసు పట్టేను."

 గాలి ఎక్కడ లాగుతోందో చూస్తానని అన్నయ్య, ఒడ్డున చుట్టిపెట్టిన పెద్ద గొట్టం దగ్గరికెళ్ళి మూతికున్న జల్లెడ విప్పాడు. విప్పి, దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"బావా. మీరు కల్వర్టు కాడే కలిపీరు కదేటి?"

మా ఆయన లేచి వెళ్ళారు. నేనూ వెళ్ళాను. జల్లెడ గుడ్డకి రెండు బంతిపూల రేకలు అంటుకుని ఉన్నాయి. చుట్టుపక్కల తుప్పలు, తాటిచెట్లు తప్ప బంతితోట ఏదీ లేదు.

"ఎగువన బండ మడుగు కాడ," అన్నారాయన.

"ఓలమ్మ! మీరు కింద కలుపుతారని కదా నాను ఇంత పైకొచ్చి తోడేను!"

"గేదెలున్నాయని మేం ఇంకా పైకెల్లేం."

ముగ్గురం ఎవరి దోషమూ లేకుండా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. వెనక వ్యానులో పంపు మళ్ళీ గుర్రుమంది.  మనసులో అప్పన్నా అప్పన్నా అనుకున్నాను గానీ, భయం ఒకపక్క ఉండగానే ఇంకో ఆలోచన కూడా వచ్చింది. చనిపోయినవాళ్ళకి ఆకలి కంటే దాహమెక్కువని, అందుకే ముందు నీళ్ళు వదులుతామని కదా పెద్దలు చెప్పేది. మరి ఉన్నప్పుడే దాహంతో పోయినవాళ్ళకి ఎన్ని నీళ్ళు వదిలితే చాలుతాయో ఎవరూ చెప్పలేదు.

"ఫిల్టరు ఇప్పు," అన్నారు మా ఆయన.

"ఎందుకిపుడు? ఇంటికెల్లేక ఇప్పుతాను."

"ఇప్పమన్నానా!"

అన్నయ్య మర తిప్పి, ఫిల్టరున్న నీలం గిన్నె కిందకి దించాడు. లోపల దారం ఫిల్టరు, పొద్దున మల్లెపువ్వులా ఉందని చూపించిందే, కింద సగం బూడిద రంగుకి తిరిగి ఉంది.

"బురద బావా. ఏ గెడ్డలో తోడినా ఇలగే వస్తాది. ఒట్టేసి సెప్పగలను."

"ఎయ్యి మరి ఒట్టు."

అన్నయ్య చెయ్యి పైకి లేచింది గానీ, నా తలదాకా రాలేదు. కిందకి దించేసుకున్నాడు.

మా ఆయన ఆ ఫిల్టరుని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో తీసుకున్నారు. "సముద్రం ఒద్దంది. మంచినీలు కావాలంది. తెచ్చి తెచ్చి ఈ గొట్టంలో ఇరికించీసినాం మా అమ్మని," అన్నారు. గొంతు ఎండి, మాట గీసుకుపోయినట్టు వచ్చింది. గెడ్డలోకి దిగి మోకాలి లోతులో కూర్చుని ఫిల్టరుని నీళ్ళలో ముంచి, వేళ్ళతో దారాలు విప్పి కడగడం మొదలుపెట్టారు. మసక మసకగా ఏదో విడివడి దిగువకి పోతోంది. అది బురదో బూడిదో చూసి చెప్పగలిగే కళ్ళు నాకు లేవు.

"ఎల్లు, అమ్మా," అంటున్నారు ఆయన. "ఎల్లు. ఎంత కావాలో అంత తాగు. ఇంకెవులూ కొలవరు. నానూ కొలవను."

అన్నయ్య నా పక్కకి వచ్చి గొంతు తగ్గించాడు. "ధనా, ట్యాంకు కాలీ చేసీద్దునేటి? ఎల్లుండి మధురవాడ కుర్రోలు బుకింగున్నాది."

"నేలమీద పొయ్యకన్నయ్యా. తొక్కకూడదు."

"మరేటి సేద్దుం? ఆ కుర్రోల చేత తాగించీద్దుమా?"

నాకు నవ్వొచ్చింది. అలాంటప్పుడు నవ్వు రావడం పాపమేమో తెలియదు. అత్తమ్మ ఉంటే తనే ముందు నవ్వేది. ఆ నవ్వు ఇంకా నా పెదాల మీద ఉండగానే పంపు మళ్ళీ అందుకుంది. ఈసారి ఆగలేదు. ఇద్దరం వ్యాను ఎక్కి చూశాం. గాజు గొట్టంలో నీళ్ళు మా ఇద్దరి కళ్ళ ముందే జారుతున్నాయి. అన్నయ్య స్విచ్చి మీదకి చెయ్యి పోనిచ్చి, దాన్ని ముట్టకుండానే వెనక్కి తీసేసుకున్నాడు. వ్యాను దిగి, ఎండలో, దూరంగా వెళ్ళి నిలబడ్డాడు. అడవుల్లో ఒంటరిగా పడుకునే మనిషి. అతని మొహంలో అంత భయం నేనెప్పుడూ చూడలేదు.

నేను మాత్రం దిగలేదు. కోడలిగా ఆవిడ తాగుతుంటే పక్కన నిలబడడం నాకు అలవాటే. పంపు దానంతట అది ఆగేదాకా అక్కడే ఉన్నాను. ట్యాంకులో మూడో వంతు మిగిలింది.

ఆయన గెడ్డలోంచి తడి బట్టలతో వచ్చి వ్యాను మెట్టు మీద కూర్చున్నారు. చేతులు ఖాళీగా ఉన్నాయి. విప్పిన దారమంతా నీళ్ళలోనే పోయింది కాబోలు. చాలాసేపు కళ్ళు మూసుకుని ఉన్నారు.

"నీలియ్యి," అన్నారు.

రెండు నెలల్లో ఆయన తనంతట తాను అడగడం అదే మొదలు. వ్యానంతా వెతికాను. కొన్న నీళ్ళ సీసా ఒక్కటీ లేదు. ఉన్నవి ట్యాంకులో నీళ్ళే, అన్నం ఉడికిందీ వాటితోనే. అస్థులు తగిలిన నీళ్ళు మైల. పంతులుగారిని అడిగితే స్నానం చెయ్యమంటారు, తాగమనరు. మరి గోదావరిలో పైనుంచి కిందదాకా ఎందరిని కలుపుతారు? దిగువనున్న ఊళ్ళన్నీ ఏ నీళ్ళు తాగి బతుకుతున్నాయి? ఆ ప్రశ్న పంతులుగారిని ఎప్పుడూ అడగలేదు. ఇక అడగను కూడా. ట్యాపు తిప్పి గ్లాసు పట్టాను.

ఆయన ఎప్పుడూ గ్లాసు ఎత్తి గొంతులో పోసుకునే మనిషి, పెదవి తగలనివ్వరు. ఇప్పుడు రెండు అరచేతుల మధ్య పట్టుకుని, అంచు పెదాలకి ఆనించి, కళ్ళు మూసుకుని తాగారు. ఎక్కడా ఆగలేదు. ఒక చుక్క గడ్డం మీద జారితే వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నారు.

ఇంకో గ్లాసు ఇచ్చాను. అదీ తాగారు. మూడోది సగంలో ఊపిరి పీల్చుకుని, కళ్ళు తెరవకుండానే, "ఇంకొంచెం పొయ్యే గుంటా," అన్నారు.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నన్ను ధనా అనే పిలిచారు. గుంటా అని, చిన్నపిల్లని పిలిచినట్టు పిలిచేది ఇంట్లో ఒక్కరే.

ఎండలోంచి అన్నయ్య రెండడుగులు ముందుకేశాడు. "బావా, ఆపు. సాల్లే. ధనా, ఇంక పొయ్యకు."

పొయ్యొద్దన్న మాట ఆ ఇంట్లో మూడేళ్ళు విన్నాను. గ్లాసు ఆయన చేతుల్లోంచి తీసుకుని మళ్ళీ ట్యాపు కింద పెట్టాను.

"తాగండత్తమ్మా," అన్నాను.

నిండుగా పోసి ఇచ్చాను.