తెల్లగా ఉతకని రోజు

ఆ నదికి వారంలో ఆరు రంగులు. సోమవారం ఎరుపు, మంగళవారం పసుపు, తక్కినవి అద్దకం ఫ్యాక్టరీ మేనేజరు దయ. ఆదివారం సెలవు గనక ఆ ఒక్కరోజూ నీళ్లు నీళ్లలా ఉండేవి. చూసి రేవులో పసిపిల్లలు జడుసుకునేవాళ్లు. చేపలు మాత్రం ఏ పేచీ పెట్టకుండా మొదటి ఏడాదే చచ్చిపోయాయి.

పెద్దక్క గురువారం పొద్దున పోయింది. ఇరవై ఏళ్లు ఆ నీళ్లలో నిలబడి ఆస్పత్రి దుప్పట్లు ఉతికిన మనిషి. వేళ్లకు గోళ్లు లేవు. కాళ్ల పుళ్లు చీముపట్టి, జ్వరం తలకెక్కింది. ఆమె ఉతికిన దుప్పటి మీదే ఆమెను పడుకోబెట్టి, 'సబ్బు పడలేదు' అని రాశారు ఆస్పత్రివాళ్లు.

ఆమె చెల్లెల్ని అందరూ చిటపట అంటారు, నోరు ఊరుకోదని. మూడు రోజులు ఆ నోరు లేవలేదు. రేవంతా హడలిపోయింది. సోమవారం ఉతుకుబండల దగ్గర అందరూ చేరాక అంది:

"అక్కను చంపింది మనమే."

"నోర్ముయ్యవే!" అన్నాడు మూటల తాత. "ఫ్యాక్టరీ చంపితే మన నెత్తిన రుద్దుతావా?"

"నీళ్ల పరీక్షకొచ్చిన ఆఫీసరు ఏమన్నాడు తాతా? 'నది చెడితే నా చొక్కా ఇంత తెల్లగా ఎలా వచ్చిందమ్మా' అన్నాడు. ఎలా వచ్చింది? అక్క తాగే నీళ్ల బిందెతో జాడించి, నీలిమందు పెట్టింది గనక! గిరాకీ పోతుందని వాళ్ల పాపం మనమే ఉతికి ఆరేశాం. ఇవాళ నది ఏ రంగిస్తే ఆ రంగే ఇద్దాం."

"తంతారు," గొణిగాడు ఇస్త్రీ బావ. "కుట్టు చూస్తే ఎవరి మూటో తెలిసిపోతుంది."

ఏ బట్ట ఎవరి చేతిదో తెలియాలని ప్రతి ఇంటివాళ్లూ మూల వేసుకునే దారపు కుట్టు అది.

తాత తన మూట విప్పి, ఓ చొక్కా మూల తన కుట్టును పళ్లతో తెంపాడు.

"మీ అక్కవి ఎన్ని కుట్లే?"

"మూడు. నల్లదారం."

మర్నాడు ఊరు గులాబీ రంగులో లేచింది. వకీళ్లు గులాబీ కాలర్లతో వాదించుకున్నారు. డాక్టర్లను చూసి ఇద్దరు రోగులు నయమైపోయిందని ఇంటికెళ్లారు. ఆఫీసరు గంటసేపు అద్దంలో చూసుకుని అద్దం మార్పించాడు.

మేనేజరు ఊరి మాసినబట్టలన్నీ నది దిగువన వేరేవాళ్లు ఉతికే కింది రేవుకు పంపించి, ఈ రేవుకు పోలీసుల్ని పంపాడు.

"ఎవరివీ మూడు కుట్లు?" ఇన్‌స్పెక్టరు అరిచాడు.

"మా అక్కవి."

"పిలువు దాన్ని!"

"గురువారం పోయిందయ్యా. మీరే కాస్త గట్టిగా పిలవండి."

"మరి వేసిందెవరు?"

నలభై చేతులు లేచాయి. అక్కడ గోళ్లున్నవి ఇన్‌స్పెక్టరు చేతులకే. ఆయన చిటపట రెక్క పట్టుకుని వ్యాను ఎక్కించాడు.

బుధవారం పొద్దున కానిస్టేబులు టీ గ్లాసుతో లాకప్ దగ్గరికొచ్చాడు. చొక్కా లేదు. బనియను పసుపుముద్దలా ఉంది.

"నవ్వావంటే చూడు," అన్నాడు. "కింది రేవులో ఉతికింది."

ఆమె నవ్వలేదు. ఊచల్లోంచి చెయ్యి చాపి బనియను అంచు తిప్పి చూసింది. మూడు కుట్లు, నల్లదారం. అక్క ఎవరో కూడా తెలియని చేతులు వేసినవి.

అక్క పోయాక మొదటిసారి, ఆమె బావురుమంది.