నొక్కిన రొట్టె

పుదుచ్చేరి టౌనులో ఒక పాత బేకరీ ఉంది. ఇప్పటికీ కట్టెల పొయ్యిమీదే పొడుగు రొట్టెలు కాలుస్తారు. అక్కడ పిండి పిసికే సుధకి ఒక అలవాటు. ప్రతి ట్రేలో చివరి రొట్టెని, పొయ్యిలోకి పోయేముందు, బొటనవేలితో గట్టిగా నొక్కుతుంది. అది వంకరగా కాలుతుంది. అమ్ముడుపోదు. పనివాళ్లు టీలో ముంచుకుని తింటారు. పక్క బల్ల దగ్గర పనిచేసే ప్రభు దానికి 'సుధక్క రొట్టె' అని పేరు పెట్టాడు. అందరూ నవ్వుతారు, సుధ కూడా నవ్వుతుంది.

మీరూ నవ్వుతున్నారేమో. ఆగండి. ఇది నవ్వే విషయం కాదు.

పొయ్యి చూసే పెద్ద మాస్టర్ రఘునాథన్ పని మానుకుంటున్నాడు. ఆయన చోటుకి సుధ పేరు చెప్పాడు. ఒక శుక్రవారం సరుకంతా ఆమె ఒక్కతే చేసి చూపించాలని యజమానురాలు అంది. ఇన్నేళ్లు రొట్టెలు చేసిన మనిషి ఆ రోజు పిండిలో ఉప్పే వెయ్యలేదు. రొట్టెలు చప్పగా, పాలిపోయి వచ్చాయి. మర్చిపోయానంది సుధ. అందరూ నమ్మారు.

రఘునాథన్ నమ్మలేదు. ఒక ముక్క నమిలి, ఆమెను పక్కకు పిలిచాడు.

"మర్చినావా, వొద్దనుకున్నావా?"

సుధ నేల చూసింది. వచ్చే శుక్రవారం ఇంకొక్కసారి చేయిస్తాననీ, అదీ పోతే బయటనుంచి మనిషిని తెస్తారనీ, ఆ తర్వాత తన చేతిలో ఏమీ ఉండదనీ ఆయన చెప్పాడు.

ఆమెకు పని రాక కాదు. ఓడిపోతే ఎవరూ తలెత్తి చూడరు. గెలిస్తే అందరూ చూస్తారు. చూస్తే ఏదో ఒకటి పోతుంది. బిడ్డకి జ్వరం వస్తుంది, తోటివాళ్ల మాట మారుతుంది, పైవాళ్లు ఇంకా ఇంకా అడుగుతారు. ఇదీ ఆమె కడుపులో కూచున్న భయం.

ఆదివారం బస్సెక్కి బాహూరులో తల్లి దగ్గరికి పోయింది. తల్లి కమలమ్మాళ్ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. మాస్టర్ పని వద్దని అమ్మే చెబితే బాగుండునని సుధ ఆశ. జరిగిందంతా చెప్పి, చివర్లో అంది:

"నైనా కల్లంలో వడ్ల కుప్ప పోసి, దాని కొన కాలితో తొక్కేవాడు గదమ్మా. ఎత్తుగా ఉంటే కన్ను పడుద్దని. నేనూ అట్లనే చేస్తా ఉండా."

కమలమ్మాళ్ చేయి ఆగింది.

"ఎవరి కన్నని చెప్పినాడే మీ నైనా?"

"ఊరోళ్ల కన్ను."

"ఊరోళ్లకేం పని. ఆ భూమి మనదా? కౌలుది. భూమిగల ఆసామి మోటార్ సైకిల్ దిగి, కల్లంలో నిలబడి కుప్ప చూసేవాడు. ఎత్తుగా కనిపిస్తే మరుసటి పంటకి కౌలు పెంచేవాడు. అందుకని మీ నైనా తొక్కి పరిచేవాడు. పసిబిడ్డలు మీరడిగితే, ఒక మనిషికి భయపడతా ఉండానని ఎట్ల చెప్తాడు? కన్ను అన్నాడు."

సుధ తన బొటనవేలి వంక చూసుకుంది.

"ఆ ఆసామి చచ్చి ఎన్నేండ్లాయె," అంది తల్లి, మళ్లీ చింతపండు అందుకుంటూ. "నువ్వింకా ఎవరికోసం తొక్కతా ఉండావు?"

శుక్రవారం సుధ ముందు ఉప్పు వేసింది. తర్వాతే నీళ్లు పోసింది. ట్రేలు నిండాయి. చివరి రొట్టె దగ్గర బొటనవేలు దానంతటదే లేచింది. భయం పోయిందనుకోకండి, అది అక్కడే ఉంది. ఆమె చేతులు వెనక్కి కట్టుకుని, ట్రేని మోచేత్తో ముందుకు తోసింది.

రొట్టెలు ఎర్రగా, చిటపటమంటూ వచ్చాయి. వీధి చివరిదాకా వాసన. రఘునాథన్ ఒకటి విరిచి నమిలాడు. రొట్టెలు తోసే పొడుగు చెక్క తెడ్డు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

ప్రభు టీ గ్లాసుతో ట్రేలన్నీ వెతికాడు.

"యాడక్కా మన వంకర రొట్టె?"

"ఇంక లేదు. కావాలంటే కొనుక్కో."

"ఓహో, మాస్టరమ్మ ఇప్పుడే మొదలుపెట్టేసింది," అన్నాడు ప్రభు. అన్నాడు గానీ, ఆ రొట్టెలు మోసుకుని కొట్టు ముందుకి పరిగెత్తింది కూడా అతనే. సుధ బిడ్డకి జ్వరం రాలేదు. ఆకాశం విరిగి పడలేదు.

అయ్యా, అమ్మా, మన ఇళ్లలో దిష్టి అనీ, అణకువ అనీ, మనకెందుకులే అనీ పేర్లు పెట్టుకున్న భయాలు ఎన్నో ఉన్నాయి. ఒక్కొక్కదాన్ని విప్పి చూడండి. లోపల ఎవడో ఒక ఆసామి మోటార్ సైకిల్ దిగి నిలబడి ఉంటాడు. వాడికి భయపడి మన పెద్దలు తొక్కారు, వాళ్ల తప్పు కాదు. వాడు పోయినా మనం తొక్కుతున్నామే, అది మన తప్పు. ఇంకా పోని ఆసామి ఎక్కడైనా ఉంటే వాడితో నిలబడి కొట్లాడండి గానీ, మీ చేత్తో పోసిన కుప్పను మీ కాలితో తొక్కకండి.