మల్లేశం పేరున్న పలక

దగ్గరికి రా బిడ్డా, ఇలా గోడకు ఆనుకుని కూర్చో. సర్పంచ్ మల్లేశం బడి సంగతి చెబుతాను. అతని భార్య చంద్రవ్వ పడ్డ గోస కూడా విను.

చందుర్తి దగ్గరి పల్లె వాళ్లది. ఇంట్లో రెండు గుంట మగ్గాలు, నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని నేసేవి, ఒకటి అతనిది, ఒకటి ఆమెది. ఓట్లప్పుడు మల్లేశం ఒకే మాట చెప్పి గెలిచాడు, బడి కట్టిస్తానని. జగిత్యాల ఆఫీసుల చుట్టూ నాలుగేళ్లు తిరిగి మూడు గదులు లేపాడు. కలుపు తీసే ఆడపిల్లల్ని చేను గట్టు మీది నుంచి పిలుచుకొచ్చి పలక పట్టించాడు.

నక్సలైట్లు, మేం అన్నలనేవాళ్లం, వాళ్లు అడవిలో, పోలీసులు ఊళ్లో తిరిగే కాలం అది. పోలీసులు ఆ బడిలోనే క్యాంపు పెట్టారు. వాళ్లు ఖాళీ చేసిన మరునాడే, పోలీసులు మళ్లీ వచ్చి దిగకుండా, అన్నలు పట్టపగలు మందు పెట్టి పేల్చేశారు. అడ్డంగా పడుకున్న మల్లేశాన్ని ఇద్దరు ఎత్తి అవతల పెట్టారు. మిగిలింది గంట కొట్టే రైలు పట్టా ముక్క.

దాన్ని భుజాన మోసుకొచ్చి, ఇక బడి ఇక్కడేనని ఇంట్లో మగ్గాలు విప్పడం మొదలుపెట్టాడు.

"తిక్కలేసిందా నీకు?" అంది చంద్రవ్వ.

"పోరగాండ్లు గుంటల కాళ్లు పెట్టుకోని కూసుంటె బెంచీ లెక్కనే ఉంటదే."

"మరి నేనేడ నెయ్యాలె? నీ నెత్తి మీదనా?"

"నెత్తి నున్నగైంది, పోగులు జారిపోతయ్."

ఆమెకు నవ్వు రాలేదు. మనిషి పోయిన ఇంట్లోనే మగ్గం పీకుతారని ఆమె అత్త అనేది. "ఎవలు సచ్చిండ్రని పీకుతున్నవయ్యా?" అని అరిచేసింది.

మూడోరోజు పోలీసు జీపు వచ్చింది. "అన్నలకు బడి చూపించింది నువ్వేనట" అంటూ మల్లేశాన్ని ఎక్కించుకున్నారు. "పంతులొస్తడు, చాప ఎయ్యి" అన్నాడు అతను. అంతే.

మగ్గం పీకేటప్పుడు 'ఎవలు సచ్చిండ్ర'ని తాను నోరు జారిన మాటే తన మొగుణ్ని తీసుకుపోయిందని చంద్రవ్వ గుండెలు బాదుకుంది. సిరిసిల్ల ఠాణాలో అడిగితే లేడన్నారు. కోరుట్లలో తరిమారు. జగిత్యాలలో ఒక జవాను గోడకు అంటించిన కాగితం చూపించాడు.

"పట్టుకున్నోళ్ల పేర్లు గీ కాయితంల ఉన్నయ్, సదువుకో."

చదువుకో! ఊరంతటికీ అక్షరాలు పంచినవాడు ఇంటిదాన్ని ఒక్కపూట కూర్చోబెట్టలేదు. 'రేపు నేర్పుత' అనేవాడు, ఈమె 'నాకెందుకు' అనేది. పొద్దుగూకేదాకా ఆమె ఆ కాగితం మీద వేలు తిప్పింది. చదివి పెట్టమంటే, పోలీసుల భయానికి ఒక్కరూ ఆగలేదు.

ఇంటికొచ్చేసరికి కులపెద్ద పోచయ్య వాకిట్లో ఉన్నాడు. "మగ్గం నిలవెట్టు చెల్లె, మనిషి తిరిగొస్తడు" అన్నాడు. ఆశ చావక, తెల్లారి ఆమె మగ్గం కర్రలు గుంట దగ్గరికి ఈడ్చింది. అప్పటికే పిల్లలు గుంటల్లో కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నారు.

కర్ర వదిలేసి, "రాజలక్ష్మీ, మల్లేశం అని ఎట్ల రాస్తరే?" అంది.

ఎనిమిదేళ్ల పిల్ల పలక మీద రాసిచ్చింది. చెరిగిపోకుండా దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని చంద్రవ్వ మళ్లీ జగిత్యాల పోయింది. గోడ మీద కాగితం లేదు. చింపిన చోట జిగురు మరక మాత్రం ఉంది.

మల్లేశం తిరిగి రాలేదు. శవమూ రాలేదు. ఆమె బీడీలు చుట్టి బతికింది. మగ్గం మళ్లీ ఎక్కలేదు. రోజూ పొద్దున రైలు పట్టా తానే కొట్టి, గుంటలో కాళ్లు పెట్టుకుని పిల్లలతో పాటు కూర్చుంది.

నీ పిల్లలకు ఈ ముచ్చట చెప్పు బిడ్డా. చెప్పేటప్పుడు ఆ పేరు వాళ్లతో ఒకసారి రాయించు.