బండికేం లేదు

సుందరరాజు చెప్పులు విప్పి, సీటు కిందికి తోసి, ఉత్తకాళ్ళతో కారెక్కాడు. చెప్పులేసుకుని పెడల్ తొక్కేవాణ్ణి ఆయన డ్రైవరుగా లెక్కలోకే తీసుకోడు. బండి మాట పాదానికే తెలుస్తుందని ఆయన నమ్మకం. తర్లుపాడు దాటి మార్కాపురం రోడ్డెక్కాక ఆక్సిలరేటర్ తొక్కాడు. పాత మారుతీ ఇంజను గావుకేక పెట్టిందేగాని బండి ముందుకు ఉరకలేదు.

"ఏందే, నీకేమొచ్చింది?" అన్నాడు కారుతో.

అడగడానికి ఇంకెవరూ లేరు మరి. భార్య యేసుమణి పోయి రెండేళ్ళు. పిల్లలు లేరు. ఇంట్లో మనిషి గొంతు వినపడదు. కారుంటే నలుగురు ఎక్కుతారు. ఆసుపత్రికి పోయే బాలింతలు, పొదిలికి సరుకు బేరానికి పోయేవాళ్ళు, అలిగి పుట్టింటికి పోయే కోడళ్ళు. ఎక్కినవాళ్ళు తమ గోడంతా వెళ్ళబోసుకుంటారు. ఆ మాటలే ఆయనకు తిండి. ఇప్పుడేమో కారు మొరాయిస్తోంది, పెట్రోలు మంచినీళ్ళలా తాగుతోంది. కిరాయికి పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే ఆటోలవైపు తిరిగారు. ఈసారీ రోగం తేలకపోతే కారు మూలపడుతుంది, దాంతోపాటు తనూ మూలపడతాడు. ఆయన భయమంతా అదే.

మెకానిక్ నరసింహులు షెడ్డు పలకల ఫ్యాక్టరీల దారిలో ఉంది.

"ఏంది మామా, మళ్ళీనా?"

"మళ్ళీనే అల్లుడా. దీని పట్టుదల నా పట్టుదల కంటే పెద్దదయిపోయినాది."

నరసింహులు బానెట్ ఎత్తాడు. ఎయిర్ ఫిల్టర్ తీసి నేలకేసి కొడితే పలకల దుమ్ము బూడిదలా రాలింది. "ఇదిగో మామా, దొంగ దొరికినాడు" అని కొత్తది వేశాడు. ప్లగ్గులు గీకాడు. కార్బ్యురేటర్ విప్పి కడిగాడు. సుందరరాజు ఆపరేషన్ గది బయట నిలబడ్డవాడిలా చూస్తూ ఉండిపోయాడు.

అట్లా ఒకసారి నిజంగానే నిలబడ్డాడు. యేసుమణి కడుపునొప్పిని నెలల తరబడి పంటిబిగువున దాచింది. "బండి దగ్గితే నిద్దర్లోంచి లేస్తావు. నాకేమయిందో మాత్రం నేను చెప్తేగానీ తెలీదు నీకు" అంది మంచం మీద, నవ్వుతూనే. ఆ నవ్వు ఇప్పటికీ ఆయన్ను కోస్తూనే ఉంటుంది.

నరసింహులు తోలి చూస్తే కారు లేగదూడలా ఉరికింది. సుందరరాజు తోలితే మళ్ళీ అదే ఏడుపు. ఏదో కాలిన వాసన కూడా వచ్చింది.

"నా మీదే అలిగింది అల్లుడా."

నరసింహులు పక్క సీట్లో కూర్చుని, రోడ్డు సంగతి వదిలేసి సుందరరాజు పాదాలనే చూస్తున్నాడు.

"మామా, క్లచ్ మీంచి కాలు తీయి."

"తీసినా గదా. కిందనే ఉంది."

"ఒకసారి చూడు."

సుందరరాజు బండిని నెమ్మదిగా పోనిచ్చి తల వంచి చూశాడు. ఎడమకాలు క్లచ్‌ను సగం నొక్కిపెట్టి ఉంది, వేరే ఎవరి కాలో అన్నట్టు. మ్యాట్ మీద పెట్టానని అంతదాకా ఆయన ప్రమాణం చేసి చెప్పగలడు. బండి పక్కకు తీసి ఆపాడు.

నరసింహులు జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి, మొనను ఆ అరికాలికి ఆనించాడు.

"తెలిసిందా?"

"ఏం తెలియాల?"

నరసింహులు కళ్ళు దించుకున్నాడు.

"షుగరుందా మామా?"

"ఉందన్నారులే. గుర్తొస్తే మాత్ర మింగుతా."

"మా అమ్మకూ కాలు మొద్దుబారడం ఇట్లనే మొదలయింది. కాలు క్లచ్ మీదుంటే ఇంజను ఎంత తిరిగినా ఆ బలం చక్రానికి చేరదు. అందుకే పికప్ లేదు, పెట్రోలు తాగుతోంది. బండికేం లేదు మామా."

ముందు బడిపిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ రోడ్డు దాటుతున్నారు. వాళ్ళు దాటేదాకా సుందరరాజు చూశాడు. తర్వాత తలుపు తీసి దిగాడు.

"నువ్వే తోలు" అన్నాడు.

అటువైపు తిరిగి వచ్చేసరికి ఎండకు కాగిన తారు మీద కుడిపాదం చుర్రుమంది. ఎడమది ఊరుకుంది.

ఆయన కూర్చున్నది యేసుమణి సీటు. ఆదివారాలు చర్చికి పోయేటప్పుడు, తెల్లచీర కొంగు సర్దుకుంటూ ఆమె కూర్చునేది అక్కడే. ఇన్నేళ్ళలో ఆయన ఎన్నడూ అందులో కూర్చోలేదు. అక్కణ్ణించి డ్రైవరు మొహం బాగా కనిపిస్తోంది. ఆమె దారిపొడుగునా చూసింది తన మొహాన్నే కాబోలు. తాను మాత్రం ఇంజను చప్పుడు వింటూ పోయాడు.

షెడ్డు ముందు దిగి, డ్రైవరు సీటు కింద నుంచి చెప్పులు తీసుకుని తొడుక్కున్నాడు. నరసింహులు తాళం అందించబోతే వెనక్కి నెట్టాడు.

"నీ దగ్గరే ఉంచు. ఎవరన్నా మంచోడు అడిగితే ఇయ్యి. చెప్పులేసుకుని తోలేవాడికి మాత్రం ఇయ్యొద్దు."

"ముందు డాక్టరు దగ్గరికి పోదాం మామా. రేపు పొద్దున నేనొస్తా."

"సరే, రా" అని, కారు కప్పు మీద అరచెయ్యి ఒకసారి ఆనించి, రోడ్డు మీద ఆగిన ఆటో ఎక్కాడు.

"ఏంది పెద్దాయనా, నువ్వు ఆటో ఎక్కినావు? కారుకేమయింది?" అన్నాడు ఆటో అతను.

"బండికేం లేదు" అన్నాడు సుందరరాజు.

ఆటో మలుపు తిరిగింది. కారును లోపల పెడదామని వచ్చిన నరసింహులు దాని తలుపు దగ్గర ఆగిపోయాడు. దుమ్ములో ఎడమకాలి చెప్పు ఒక్కటే పడి ఉంది. అరిగిన అట్ట మీద అయిదు వేళ్ళ గుర్తులూ నల్లగా, లోతుగా ఉన్నాయి.